నాలుగు వేళ్ల జాగా

దేవరకొండ దవాఖానల చీటీలు రాస్త నేను.
పేరు, వయసు, ఊరు,
ఆఖర్న 'బాధ' అని ఒక గడి.
నాలుగు వేళ్ల జాగా.
దాంట్ల పట్టే మాట ఒక్కటే దొరికింది నాకు, నీరసం.
పదకొండేండ్లు అదే రాసిన.

రాయనివి చెప్త.

గట్టుప్పల నుంచి వచ్చిన కర్నాటి భిక్షపతి
"పడుగు సడలింది సారూ" అన్నడు.
మగ్గం సంగతనుకున్న.
మోకాలు మీద చెయ్యేసి చూపిచ్చిండు.
"పోగులన్నీ ఉన్నయ్, ఒక్కటి తెగలే.
బిగువే లేదు."

గొర్ల బీరయ్య నిలబడే చెప్పిండు, కూసుంటే లేవలేనని.
"మిట్టమధ్యాహ్నం ఒక జీవం మంద ఎనక పడి
మోకాళ్ల మీద కూలబడ్తది చూడు,
అదిలిచ్చినా కన్ను తిప్పది చూడు,
గట్ల."

పుణెల మట్టిపని ఇడిసి వచ్చిన పిలగాడు,
ఇరవై రెండేండ్లు, కల్వకుర్తి దిక్కోడు,
"సల్లబడ్డ" అన్నడు, అంతే.
జ్వరం తగ్గిందా అంటే, జ్వరమే రాలేదన్నడు.
నవ్విండు గూడ.
ఆ నవ్వు సగం తొవ్వల జారిపోయింది.

తండా నుంచి హంసలి తన బాసల ఒక మాటన్నది.
ఇంకోసారి చెప్పవ్వా అన్న, గట్టిగ.
ఆమె ఇంకింత మెల్లగ చెప్పింది.
నాకు అక్షరాలు దొరకలే.

సోలుడు వేరే, తూలుడు వేరే.
సోలినోడు ఇంక మంచం మీదనే ఉంటడు,
తూలినోడు తొవ్వల ఉంటడు, పనికి పోతుంటడు.
చతికిలబడ్డోనికి కింద భూమన్న ఉంటది.
జావగారినోనికి గిన్నె కావాలె, ఎవరన్న పట్టుకోవాలె.
చిక్కిపోయినోన్ని అంగీ చెప్తది.
డీలా పడ్డోన్ని చెప్పులు చెప్తయ్, ఈడ్సుకుంట.
ఇవన్నీ కిటికీ బొక్కల నుంచి నేర్సుకున్న,
అవతల ఖిలా గుట్ట, ఇవతల నా పెన్ను.

మొన్న మంగళారం
ఆకుకూరల ఈదమ్మ వచ్చింది లైన్ల.
గంప దించలే. తడి గోనెబట్ట నుంచి నీళ్లు
ఆమె చెవెనక నుంచి కారుతున్నయ్.
ఏం బాధ అన్న.
"ఏ కూర లెక్క చెప్పమంటవ్?" అన్నది.

కొత్తిమీర సొమ్మసిల్లుతదట,
నాలుగు చుక్కలు చల్లితే లేస్తదట.
మెంతికూర అలుగుతదట,
ముట్టుకుంటే ఇంకింత ముడుసుకుంటదట.
తోటకూరకు సిగ్గు లేదు, పది కొట్టక ముందే
మెడకాయ వాలేస్తది.
పాలకూర నీరుగారిందంటే ఇగ మేకలకే.
"పుంటికూర మటుకు నిలబడే ఉంటది బిడ్డా.
ఆకు ఆకు లెక్కనే ఉంటది.
లోపట కాడ ఒట్టిపోయినంక గూడ బేరమైతది."

మరి నీకేందమ్మా అన్న.
గంప సవరించుకున్నది.
"ఎనక మంది ఉన్నరు, రాయి నాయినా."

రాసిన.
ఆఖరి సున్న జరంత వంకర పోయింది.

వచ్చే నెల కంప్యూటర్ పెడ్తరట.
నీరసం గూడ రాసే పని లేదు,
దానికొక నంబరుంటదట, నొక్కుడే.
పాత రిజిస్టర్లు అప్పుడే మెట్ల కింద ఏశిండ్రు.
వాటి వెనక పేజీలు ఖాళీగుండె.
రాసుకోవాల్సుండె నేను.

పొద్దుగూకినంక ఇంటికి పోతే
"ఏందట్ల ఉన్నవ్?" అన్నది మా ఆమె.
ఇన్ని మాటలు ఇన్నోన్ని,
"ఏం లేదు" అన్న.

పోతపోత ఈదమ్మ కిటికీల పెట్టిపోయిన కట్టలు రెండు,
పైసలిస్తే తీసుకోలే.
చెంబుల నీళ్లు పోసి కాడలు నిలబెట్టిన.

తెల్లారి చూస్తే కొత్తిమీర లేచి కూసున్నది.
పుంటికూర
నిన్న ఎట్లుండెనో అట్లనే ఉంది.
కాడ గిల్లి చూద్దామని చెయ్యి పోయింది.
గిల్లలే.